మాత మా సందులోకి రాని ఏడాది

మా చిన్నప్పుడు చర్చిలో మాత పండగ జరిగే సాయంత్రం మా సందంతా తడిమట్టి వాసన వేసేది... తొంభైల చివరి కరువు రోజులవి. ట్యాంకరు నీళ్లలోంచి రోజుకో చెంబు మిగిల్చి మా అవ్వ గాబులో దాచేది, పల్లకి వచ్చే దారిలో చల్లడానికి.

అనంతపురం శివార్లలో, బండల పాలిష్ ఫ్యాక్టరీల పక్కన మాది కూలీల కాలనీ. మొదట్లో పూజ రేకుల షెడ్డులోనే జరిగేది. తర్వాత ఆదివారాలు మావాళ్లే చర్చికి పునాది తవ్వారు... ఆడవాళ్లు రాళ్లు మోశారు, మా అవ్వ కూడా. గోడలు లేచాక అప్పటి ఫాదర్ గారు మాట ఇచ్చారట, మాత ముందు మీ సందులు తిరిగి, ఆ తర్వాతే గుళ్లోకి వెళ్తుందని. అప్పటినుంచి పల్లకిని మగవాళ్లు భుజాల మీద మా గడపల ముందుకు తెచ్చేవారు. ముందు వరసలో మా నాయన.

నాకు పదేళ్లప్పుడు అవ్వకు కాళ్లు పడిపోయాయి. "నేను పోలేకపోతే ఏమిలే, మాతే వస్తాది కదా" అనేది.

ఆ ఏడు పండగకు అవ్వను నులకమంచంతో సహా గడప ముందుకు తెచ్చాం. కొత్త చీర, ఒళ్లో కనకాంబరాల దండ... ఎదురింటి ఓబులమ్మత్త చర్చికి రాకపోయినా సందులో ముగ్గులన్నీ ఆమెవే.

"ఏం పెద్దమ్మా, పెండ్లికూతురు మాదిరి కూసున్నావు?"

"నీకేమే అంత కుళ్లు?"

బ్యాండు వినిపించింది... సందు మొగదాకా పరిగెత్తాను. పల్లకి లేదు. లైట్లు కట్టిన ట్రాక్టరు మీద నిలువెత్తు కొత్త విగ్రహం. అది మావైపు తిరగలేదు... తిన్నగా కొత్త లేఔట్ ఇళ్ల వైపు పోయింది. ముందు జెండా పట్టుకుని మా నాయన. నన్ను చూశాడు... తల తిప్పుకున్నాడు.

నాయన ఇంటికి వచ్చేదాకా అవ్వ మంచం లోపలికి తేనివ్వలేదు.

"ఏమప్పా, నీకు ముందే తెలుసునా?"

"పోయిన వారమే మీటింగులో కొత్త ఫాదర్ గారు చెప్పినారమ్మా. సందు ఇరుకు, ట్రాక్టరు పట్టదన్నారు."

"రాళ్లన్నీ ఈ సందులోనే కదప్పా మోసుకపోయినాము. అప్పుడు పట్టిందే."

"అందరూ సరే అన్నారు..."

"అందరి సంగతి కాదు. నువ్వేమన్నావు?"

నాయన వంగి మంచం కోడు పట్టుకున్నాడు. అవ్వ మళ్లీ అడగలేదు. తర్వాతి పండగకు ఆమె లేదు.

ఇప్పుడు చర్చి చాలా పెద్దది... ఊరేగింపు ఫోన్లలో లైవ్ కూడా వస్తుంది. అది ఒకప్పుడు తమ గడపల దాకా వచ్చేదని మా సందు పిల్లలకు తెలియదు.

ఫాదర్ గారి మీద కోపం ఎప్పుడో పోయింది. వాళ్లు బదిలీల మీద వచ్చి పోయేవాళ్లు... నాయన మా ఇంటివాడు.

మీ వీధికి రావడం మానేసిన ఊరేగింపు ఏదైనా ఉంటే రాయండి... ఆ రోజు గడప ముందు ఎవరు కూర్చుని ఉన్నారో కూడా.