పళ్ల డాక్టరుగారి స్టీరింగు

ఆ షెడ్డులో బండ్లను పైకెత్తే లిఫ్టులు ఉన్నవి రెండే. ఒకదాని మీద వచ్చే బండీ పోయే బండీ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రెండోదాన్ని ఎనిమిది నెలలుగా ఒక ఎర్రకారు ఆక్రమించుకుని కూర్చుంది. మేస్త్రీకి ఒళ్లు మండిందంటే మండదూ మరి?

మేస్త్రీ అంటే పాతకార్లు బాగుచేసే మేస్త్రీ. నలభై ఏళ్లుగా అదే పని. పనితనం బంగారం, నోరు మాత్రం నిప్పుల కుంపటి. వెనకాల అందరూ చిర్రుబుర్రుల మేస్త్రీ అంటారు. ముఖాన అనే ధైర్యం ఆయన భార్య ఒక్కతికే ఉంది. పొద్దున్నే షట్టరెత్తడం, గోడకు వరసగా తగిలించిన పానాల్లో ఒక్కటి కనపడకపోయినా షెడ్డు దద్దరిల్లేలా అరవడం, అది తన జేబులోనే దొరికితే ఇంకా గట్టిగా అరవడం, ఇదీ ఆయన దినచర్య. అలాంటి మనిషికి తల ప్రాణం తోకకు తెచ్చినవాడు పళ్ల డాక్టరు.

ఎర్రకారు ఆయనదే. రెండే సీట్లు, టాపు లేదు, ముక్కు బారెడు. ఇరవయ్యారేళ్ల కిందట ఎవరి పెరట్లోనో కోళ్లు కాపురముంటున్న దాన్ని కొని తెచ్చుకున్నాడు. "ఇది కదిలిన రోజు మొదట నిన్నే ఎక్కించుకుని కొండమీది లైట్‌హౌస్ దాకా నేనే నడుపుకుంటూ తీసుకెళ్తా" అని ఆ రోజే భార్యకు మాటిచ్చాడు. ఆ మాట వింటూ వింటూనే ఆవిడ జుట్టు నెరిసింది. క్లినిక్కులో తీరిక దొరికితే కదా! ఒక ఏడాది ఇంజను, రెండేళ్లకు బ్రేకులు, ఇంకెప్పటికో రంగు. పోయినేడాది ఉన్నట్టుండి డాక్టరు క్లినిక్కు మూసేశాడు. అలసిపోయానన్నాడు. ఇక మిగిలినవి నాలుగు టైర్లు, ఒక స్టీరింగు. వారం పని అనుకున్నాడు మేస్త్రీ, పాపం.

ముందు టైర్లు. ఆ కారుకు మొదట ఉండినవి సన్నగా, ఎత్తుగా ఉండే టైర్లు. "అవే వేద్దాం మేస్త్రీ, అసలు రూపం పోకూడదు" అన్నాడు డాక్టరు. సరే అన్నాడు మేస్త్రీ. పై వారం వచ్చి, "సన్నటివి సైకిలు చక్రాల్లా ఉంటాయేమో. వెడల్పువి వేద్దాం" అన్నాడు.

"వెడల్పువి వేస్తే స్టీరింగు బరువెక్కుతుందండీ. ఇది మీ ఇంటిబండి కాదు, వేలితో తిప్పితే తిరగడానికి" అని మేస్త్రీ నెత్తీ నోరూ బాదుకున్నాడు.

డాక్టరు ఊఁ కొట్టి వెళ్లి, ఏదో గోడౌన్లో దొరికాయని పాత నమూనా టైర్లు నాలుగు పంపించాడు. ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదట. మేస్త్రీ టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూశాడు. ఏ ఏడాది ఏ వారంలో తయారయిందో చెప్పే అంకెలవి. పన్నెండేళ్ల కిందటి సరుకు! గోటితో గీరితే రబ్బరు పెంకులా ఉంది.

"వాడకపోయినా రబ్బరు ముసలిదైపోతుంది డాక్టరుగారూ! వీటితో కొండ దిగుతారా? తిన్నగా లోయలోకే దిగుతారు!" అని అరిచి, నాలుగింటినీ గోడవారకు దొర్లించాడు.

ఇలా మూడు నెలలు నలిగి నలిగి చివరికి వెడల్పు టైర్లే గెలిచాయి. బిగించి చూస్తే, చక్రం పూర్తిగా మళ్లినప్పుడల్లా మడ్‌గార్డు అంచుకు రాసుకుని కీచుమంటున్నాయి. మేస్త్రీ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ఆ అంచును సుత్తితో మడిచాడు. ఆ సుత్తి దెబ్బల్లో సగం డాక్టరును తలుచుకుని కొట్టినవే.

ఆ తర్వాత స్టీరింగు. దేవుడా, ఆ స్టీరింగు!

తోలు చుట్టిన చిన్నది తెప్పించారు. డాక్టరు సీట్లో కూర్చుని పట్టుకుని, "చిన్నదైపోయింది, తిరగడం లేదు" అన్నాడు. లావుపాటిది తెప్పించారు. "పిడికిట్లో పట్టడం లేదు" అన్నాడు. సన్నపాటి ఇనుప రింగుది వచ్చింది. "వేళ్లు నొక్కుకుంటున్నాయి" అన్నాడు. కారుతోపాటు వచ్చిన పాత చెక్క స్టీరింగును మేస్త్రీ తానే నున్నగా రుద్ది వార్నిషు పెట్టి ఇచ్చాడు. అందరికీ అందంగానే కనిపించింది. డాక్టరు మాత్రం, "జారుతోంది మేస్త్రీ" అన్నాడు. గోడకు మేకులు కొట్టి వద్దన్నవన్నీ తగిలిస్తూ పోతే ఏడయ్యాయి. వచ్చినవాళ్లు, "స్టీరింగులు కూడా అమ్ముతున్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లకు ఎలాంటి జవాబు దక్కి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంటికి వెళ్లినా ఇదే గోల. అన్నం ముందు కూర్చుని, "తిరగదట! జారుతుందట!" అని గొణుక్కుంటుంటే ఆయన భార్య, "ఆ డాక్టరుగారినే తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టుకోండి, నేను మా అక్క దగ్గరికి పోతాను" అంది.

డాక్టరు ప్రతి శనివారం పదకొండింటికి వస్తాడు. ఇంటిబండిలో భార్యే తీసుకొచ్చి దింపుతుంది. ఆవిడ లోపలికి రాదు. గేటు బయట వేపనీడలో బండి ఆపుకుని పేపర్లో గళ్లనుడికట్టు పూరించుకుంటూ కూర్చుంటుంది. ఆయన తిరిగొచ్చి ఎక్కగానే, "తేలిందా?" అని ఒక్క మాట అడుగుతుంది. "పై వారం" అంటాడాయన. ఆ రెండు మాటలు వినీ వినీ మేస్త్రీకి చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ శనివారం మేస్త్రీ ఇంట్లోనే నిశ్చయించుకుని వచ్చాడు. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి.

స్టీరింగుకు తోలు కుట్టే ముందు ఆయనకు ఒక పద్ధతుంది. తనకు పని నేర్పిన ముసలి మేస్త్రీ దగ్గర నేర్చుకున్నది. రింగు చుట్టూ తెల్ల గుడ్డపట్టీ బిగించి, కస్టమరు రెండు చేతులకూ బొగ్గుపొడి రాయించి, రెండు చుట్లు నడపమంటాడు. దిగాక పట్టీ మీద బొటనవేలు ఎక్కడ నొక్కిందో, అరచెయ్యి ఎక్కడ ఆనిందో నల్లగా కనిపిస్తుంది. అక్కడ లావు చెయ్యాలా, సన్నం చెయ్యాలా చూసుకుని తోలు కుడతాడు. ఇన్నాళ్లూ ఈ పని ఎందుకు పడలేదంటే, స్టీరింగంటూ ఒకటి ఖాయమైతే కదా కుట్టడం! ఒకటి రెండుసార్లు అడిగినా డాక్టరు ఏదో వంకపెట్టి తప్పించుకున్నాడు.

"ఈ చెక్కదానికే పట్టీ చుట్టాను. చేతులకు పొడి రాసుకోండి. ఆవరణలో రెండు చుట్లు కొట్టండి" అన్నాడు మేస్త్రీ.

"పై వారం చూద్దాం మేస్త్రీ. ఇవాళ కాస్త..."

"పై వారం లేదు, పై జన్మా లేదు! మీ నోటిని అడిగితే ఎనిమిది నెలలయినా జవాబు రాలేదు. ఇక చేతుల్నే అడుగుతాను. ఎక్కండి!"

డాక్టరు ముఖం పాలిపోయింది. అయినా పొడి రాసుకుని ఎక్కాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఎర్రకారు పాత టైర్ల కుప్పలు దాటి, నీళ్లతొట్టి పక్కనుంచి నత్తనడకన రెండు చుట్లు తిరిగి వచ్చి ఆగింది. మలుపు మలుపుకూ డాక్టరు కుడిభుజం పైకి లేస్తోంది. నుదుటినిండా చెమట. ఎనిమిది నెలల వేషాలకు ఇదే తగిన శాస్తి అనుకున్నాడు మేస్త్రీ.

డాక్టరు దిగాడు. మేస్త్రీ వంగి పట్టీ చూశాడు.

కుడివైపు నల్లగా అలుక్కుపోయి ఉంది. అయిదు వేళ్లూ, అరచెయ్యీ, ఒకదాని మీద ఒకటి పడ్డ గుర్తులు. ఎడమవైపు చుట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది. గేరు మీద పెట్టి ఉంటాడులే అనుకుని గేరుకర్ర పిడి చూశాడు. దాని మీద మణికట్టు కింది భాగం రాసుకున్న మరక ఒకటుంది. వేళ్ల గుర్తు ఒక్కటీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది మేస్త్రీకి. డాక్టరు ఎడమచెయ్యి ఎప్పుడు చూసినా ప్యాంటు జేబులోనే ఉంటుంది. ఫోను తీసినా కుడిచేత్తోనే. ఇంటిబండి భార్యే నడుపుతుంది. ఇన్ని శనివారాలు కళ్లెదురుగా ఉన్నదాన్ని చూడకుండా అరిచిందే అరుపుగా అరిచాడు తను. తన మీద తనకే పట్టరానంత కోపమొచ్చింది. దాన్ని కూడా డాక్టరు మీదే చూపించాడు.

"ఎన్నాళ్లయింది?"

డాక్టరు ఎడమచేతిని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లయిందండీ, ఆ చెయ్యి?"

"ఏడాది దాటింది" అన్నాడు డాక్టరు, నీళ్లతొట్టి వైపు చూస్తూ. "ఒకామె నోట్లో పనిచేస్తుంటే ఎడమచేతిలోని చిన్న అద్దం జారి పడింది. ఆమెకేమీ కాలేదు. ఆ సాయంత్రమే క్లినిక్కు మూసేశాను. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట, పట్టు ఇక రాదన్నారు. ఇంట్లో అలసిపోయానని చెప్పాను."

"మరి వెడల్పు టైర్లెందుకండీ నా ప్రాణానికి? రెండు చేతులున్నవాడికే చెమటలు పడతాయే!"

"అవి వేస్తే నీకు ఇంకో రెండు నెలలు పడుతుందనుకున్నాను. కారు తయారయితే ఆవిడ పదమంటుంది మేస్త్రీ. ఏమని చెప్పను? ఇరవయ్యారేళ్లు తిప్పించుకుని ఇప్పుడు నావల్ల కాదనా?"

మేస్త్రీ కారు తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. "ఒక్క చేత్తో నడిపే మనిషికి ఈ బండి నేనివ్వను. మీరు కాదు, ఎవరొచ్చి అడిగినా ఇవ్వను" అని గేటు వైపు నడిచాడు.

"మేస్త్రీ, ఆవిడకు చెప్పకు! నీకు దణ్ణం పెడతాను" అన్నాడు డాక్టరు వెనకనుంచి. మేస్త్రీ వెనక్కి తిరిగి చూడలేదు.

వేపనీడలో ఆవిడ పెన్ను మూతి కొరుకుతూ గళ్లు చూసుకుంటోంది. మేస్త్రీ కిటికీ దగ్గర వంగాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"చెల్లెమ్మా, డాక్టరుగారి ఎడమచెయ్యి..."

"బయటపడిందా?" అందావిడ, తలెత్తకుండానే.

"నీకు తెలుసా?"

"తెలియకేం అన్నయ్యగారూ? ఏడాదిగా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, గుండీలన్నీ నేనే పెట్టి, పైన రెండు వదిలేసి తగిలిస్తున్నాను. ఆయన తల దూర్చి తొడుక్కుంటారు. గుండీలు ముందే ఎలా ఉన్నాయని ఒక్కరోజూ అడగలేదు. నేనూ చెప్పలేదు. తానే చెబుతారని చూస్తున్నాను. చెప్పరు. మొండిఘటం."

"మొండిఘటం ఒకరేనా? ఇద్దరూ ఇద్దరే!" మేస్త్రీ కేక వీధి చివరిదాకా వినిపించింది. "ఒకరికి తెలిసిందని ఒకరికి తెలియదు, మధ్యలో నా లిఫ్టు, నా ఏడు స్టీరింగులు, నా నెత్తి! లోపలికి రా అమ్మా! ఇక ఎవరినీ అడిగేది లేదు. టైర్లూ నేనే చెబుతా, స్టీరింగూ నేనే చెబుతా. నడిపేది నువ్వు!"

ఆవిడ లోపలికి వెళ్లింది. భర్త ఎదురుగా నిలబడి, బొగ్గంటిన ఆ ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మేస్త్రీ వినలేదు. తొట్టి దగ్గర ముఖం కడుక్కునే పని గుర్తొచ్చింది ఆయనకు.

పై వారానికి వెడల్పు టైర్లు పోయి, కొత్తగా తయారైన సన్నటివి వచ్చాయి. నాలుగంకెలు మూడుసార్లు చూసి మరీ బిగించాడు మేస్త్రీ. చెక్క స్టీరింగుకు కొత్త తెల్లపట్టీ చుట్టి, ఆవిడ చేతులకు పొడి రాయించాడు. ఎడమసీట్లో డాక్టరు కూర్చున్నాడు, పెద్ద అవమానం జరిగిపోయినవాడిలా ముడుచుకుని. కూర్చునే ముందు తానూ కుడిచేతికి పొడి రాసుకున్నాడు. అది మేస్త్రీ గమనించలేదు.

"గేటు దాటి వీధి చివరిదాకా వెళ్లి తిరిగి రా అమ్మా. గేటు దగ్గర మలుపు ఇరుకు, తొందరపడకు" అన్నాడు మేస్త్రీ.

ఎర్రకారు గేటు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, మళ్లి, వీధిలోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు, ముఖం నిండా నవ్వు. డాక్టరు మాత్రం, "రెండో గేరు ఇంకాస్త ముందే వెయ్యాలి నువ్వు" అంటూ దిగాడు.

మేస్త్రీ వంగి పట్టీ చూశాడు. కుడివైపు ఆవిడ చిన్న వేళ్లు. ఎడమవైపు కూడా చిన్న వేళ్లే. వాటి పక్కనే, రింగు పైఅంచున, పెద్ద అరచెయ్యి అచ్చు ఒకటి నల్లగా పడి ఉంది. కిందటివారం తెల్లగా మిగిలిన చోటే.

"ఎవరండీ పక్కనుంచి చెయ్యి పెట్టింది? స్టీరింగు పట్టుకున్నారా మీరు? బుద్ధుందా? వేళ్లు విరగ్గొడతా!"

"నేనే పట్టుకోమన్నాను అన్నయ్యగారూ, గేటు మలుపు దగ్గర ఒక్కసారే" అందావిడ.

"ఇంకోసారి ముట్టుకున్నారంటే కారు లాక్కుంటా!" అని అరుస్తూ మేస్త్రీ స్టీరింగు విప్పి లోపలికి తీసుకెళ్లాడు.

కొలత చూసుకున్నాక పట్టీ విప్పి పారేసి, అప్పుడు తోలు కుట్టాలి. అదీ పద్ధతి. ముసలి మేస్త్రీ దగ్గర నేర్చుకున్న నాటినుంచి ఒక్కసారీ తప్పలేదు. ఈసారి మేస్త్రీ బల్ల ముందు కూర్చుని, ఆ మూడు చేతుల గుర్తుల మీదుగానే తోలు చుట్టి కుట్టడం మొదలుపెట్టాడు. రెండోరోజు భోజనం గిన్నె తెచ్చిన భార్య అది చూసి, "పట్టీ విప్పలేదేం?" అని అడిగింది.

"విప్పుతూ కూర్చోవడానికి టైమెక్కడుంది? నాకు లిఫ్టు కావాలి!" అని విసుక్కుని, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు తుడుచుకున్నాడు.