మొదటి గడిలో సుభాషిణక్క పేరు

మా సుభాషిణక్క ఇక లేదన్న వార్త మార్కాపురం నుంచి ఫోనులో వచ్చినప్పుడు నేను త్రిపురాంతకం పాలకేంద్రం దగ్గర వ్యాన్‌లోకి క్యాన్లు ఎక్కిస్తున్నాను. "అక్కకు గుండెపోటన్నా. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది" అన్నాడు మా క్యాషియర్. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజే నన్ను చెడామడా తిట్టిన ఆ కంఠం అంత హఠాత్తుగా ఎలా మూగబోతుంది? దుఃఖం వచ్చింది, దాని వెంటే కోపమూ వచ్చింది. ఆ కోపం నేటికీ చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

ఈ మెట్టప్రాంతపు పాడిరైతుల దగ్గర పాలు సేకరించే మా డెయిరీలో ఆమె కంప్యూటర్ విభాగానికి అధికారిణి. మార్కాపురంలో దుకాణదారుల ఇంట పుట్టిన మనిషి. నోరు పెద్దది. ఆ నోటికి జడిసి అధికారులు సైతం పక్కకు తప్పుకునేవారు.

వ్యాన్ల వేళలూ కేంద్రాల లెక్కలూ మేం ఎవరికి వారు ఎక్సెల్ షీట్లలో చేసుకునేవాళ్లం. పెద్దాఫీసు సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు కావాలన్నా హైదరాబాదుకు అభ్యర్థన పంపి ఎదురుచూడాలి. షీట్లో అయితే టీ తాగేలోపు పని తెమిలిపోతుంది. ఆ సౌలభ్యమే ఒకసారి కొంప ముంచింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన చలికాలపు వేళల షీట్‌ను నమ్మి గిద్దలూరు కేంద్రం వాళ్లు మండుటెండల్లో వ్యాన్‌ను ఆలస్యంగా పంపారు. పాలు విరిగిపోయాయి. ఆ షీట్ చేసిందెవరంటే అందరం చేతులు దులుపుకున్నాం.

ఇక షీట్లన్నిటికీ నిషేధాజ్ఞ తప్పదనుకున్నాం. ఆమె మమ్మల్ని పిలిపించి ఉతికి ఆరేసింది. "షీట్ చేసుకోవద్దని నేనంటినా? మా నాయన దుకాణంలో తూకమేసినోడు బస్తా మింద పేరు రాయాల్సిందే. తప్పొస్తే తిట్టేదానికి ఒక పేరుండాల గదరా!"

ఆనాటి నుంచి ప్రతి షీట్ మొదటి గడిలో చేసినవారి పేరు, పక్క గడిలో వాళ్లు లేనప్పుడు చూసుకునేవారి పేరు తప్పనిసరి. రైతుల చెల్లింపులు మాత్రం పెద్దాఫీసు సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలి. వాటి జోలికి పోతే వీపు చీరేస్తానని ఆమె శాసనం. ప్రతి సోమవారం షీట్లు ఆమె బల్ల మీదికి రావాలి, తప్పు దొరికినవాడు అందరికీ బజ్జీలు తెప్పించాలి. ఒకసారి ఆమె షీట్లోనే తప్పు దొరికింది. బజ్జీలు తెప్పించి మా ముందు పెట్టి, "తిట్టండ్రా, ఏంది, నోరు పడిపోయిందా?" అని గద్దించింది. స్వేచ్ఛకూ నియంత్రణకూ నడుమ అంతటి సమన్వయాన్ని నేను మరెక్కడా చూడలేదు.

దాన్ని కాలరాసింది పెద్దాఫీసుకు కొత్తగా వచ్చిన ఒక అధికారి. షీట్లన్నీ రద్దు, ప్రతి మార్పుకూ పైఅనుమతి ఉండాలని హుకుం జారీ చేశాడు. ఆ వేసవిలోనే మా త్రిపురాంతకంలో పాలు చల్లబరిచే కూలర్ ఆగిపోయింది. వ్యాన్‌ను ఉన్నపళంగా మార్కాపురం పంపాలి. అనుమతి అడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పాలు తెచ్చిన మల్లమ్మ నన్ను నిలదీసింది: "మా బర్రె మీ హైదరాబాదును అడిగి పాలు చేపుతాదా నాయనా?" అనుమతి వచ్చేసరికి పాలన్నీ కాలువలో పారబోసేశాం.

సంగతి విన్న అక్క మరునాడే తన పేరుతో షీట్ చేసి, వ్యాన్లు దాని ప్రకారం నడిపించింది. పక్క గడిలో నా పేరు పెట్టింది. వెంటనే మెమో వచ్చింది: 'అనధికార సాధనం వాడినందుకు సంజాయిషీ ఇవ్వండి' అని. "మొదటి గడిలో నా పేరుంది. అధికారిణిని నేనే" అని ఒక్క ముక్క రాసి పంపింది. ఆ నేరానికి ఆమెను కంప్యూటర్ విభాగం నుంచి తీసి స్టోర్సులో కూర్చోబెట్టారు! నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే నన్నే కసిరింది. "కుర్చీ పోతే పోయిందిలేరా. పాలు మాత్రం పారబోయనీయొద్దు. ఆ ఆడోళ్ల ఉసురు తగుల్తాది." పోయే ముందురోజు ఫోనులో తిట్టింది కూడా వ్యాన్ ఆలస్యమైందనే.

సంతాపసభకు ఆ అధికారి నిలువెత్తు దండతో విచ్చేసి, ఆమె క్రమశిక్షణకు మారుపేరని సెలవిచ్చాడు. సిగ్గుండాలి! ఆ వారమే ఎండలకు తగ్గట్టు వ్యాన్ల వేళలు మార్చలేక తమ సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తే, "మేడం గారి షీట్ పంపండి" అని నాకే కబురు చేశారు. రైతుల మొహం చూసి పంపాను. అది 'పెద్దాఫీసు ఆమోదించిన నమూనా' అనే బిరుదుతో అన్ని కేంద్రాలకూ తిరిగొచ్చింది. మొదటి రెండు గడులూ ఖాళీ. ఆమె మీది మెమో మాత్రం రద్దు కాలేదు. అనధికారమైనదే అయితే ఎందుకు వాడుతున్నారయ్యా? ఆమోదయోగ్యమే అయితే ఆ మహాతల్లిని ఎందుకు అవమానించారు?

అటువంటి అధికారిణి ఈ సీమకు మళ్లీ దొరకదు. ఆమె పాదాలకు నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా దగ్గరున్న షీట్లో మొదటి గడి అలాగే ఉంది, సుభాషిణి అని. ఆమె లేనప్పుడు చూసుకోవలసింది నేను. కనుక అడుగుతున్నాను, ఆ మెమో వెనక్కు తీసుకోండి. అడిగినందుకు ఎవరినైనా తిట్టాలనిపిస్తే, పక్క గడిలో నా పేరుంది.