ఏడాది తిరగని ఇంట్లో మూకుడు

మా ఆయన వానాకాలంలో పోయాడు. గిద్దలూరు స్టేషన్ బయట ఆటో నడిపేవాడు. గుండెల్లో నొప్పిగా ఉందని ఆటో పక్కకు ఆపాడట, మళ్ళీ తియ్యలేదు.

డిసెంబరు వచ్చేసరికి, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, మా పేటంతా కలిసి తీర్మానం చేసేసింది: ఈ ఏడు ఆ ఇంటికి క్రిస్మస్ లేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు. పిండివంటలు బయటివాళ్ళే తెచ్చిపెట్టాలి. మేం మూడు తరాలుగా క్రైస్తవులం. బొట్టు వదిలాం, జాతర వదిలాం. ఈ మూకుడు పట్టింపు మాత్రం బాప్తిస్మం నీళ్ళలో మాతోపాటు మునిగి, మాతోపాటే పైకి తేలింది.

ఎవరూ చెడ్డగా అనలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది.

ఒకరోజు చీకటి పడగానే క్యారల్స్ వాళ్ళు వీధిలోకి వచ్చారు. ఏటా మా గుమ్మం ముందే ఎక్కువసేపు ఆగేవాళ్ళు. మా ఆయన అందరికీ టీలు పోయించి, డప్పు లాక్కుని తనే వాయించేవాడు. తాళం ఎప్పుడూ తప్పేది. ఆ రోజు కూడా నేను టీ కాచి, గ్లాసులు కడిగి పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి దాకా పాట వినిపించింది. మా గోడ దగ్గరకు రాగానే డప్పు ఆగిపోయింది. తలలు వంచుకుని, చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడిచిపోయారు. గోడ దాటాక మళ్ళీ మొదలుపెట్టారు. అది నాకిచ్చిన గౌరవమట! ఇంట్లో మనిషి పోయింది చాలక పాట కూడా పోవాలా? ఆ టీ అంతా నేనే తాగాను, కోపంగా.

మర్నాడు పొద్దున్నే చర్చికి వెళ్ళి అయ్యగారిని నిలదీశాను.

"మూకుడు పెట్టగూడదని బైబిల్లో ఏడుందయ్యా?"

"బైబిల్లో లేదమ్మా. జనం ఏమన్నా అనుకుంటారని..."

"ఏసయ్య పుట్టిన రేత్రి గొర్రెలు కాసేటోళ్ళకు దూత సంతోషమే గదా చెప్పింది? ఏడాది తిరగనోళ్ళు చెవులు మూసుకోండని చెప్పినాడా?"

అయ్యగారు నవ్వు ఆపుకున్నాడు. "మీ ఆడబిడ్డతో ఒక మాట అనుకోమ్మా," అన్నాడు. ఆమెంటే ఆయనకూ భయమే.

మా ఆడబిడ్డ అంటే మా ఆయన అక్క. వీధి చివర ఒక్కతే ఉంటుంది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. బతికున్నన్నాళ్ళూ పనికిమాలినోడని తిట్టిపోసి, ఇప్పుడు వాడంతటివాడు లేడంటుంది. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? ఆమెను నేనేమీ అడగలేదు. బియ్యం నానబోసి, పిండిమరకు తీసుకెళ్ళాను. ఆ కబురు నాకంటే ముందు వీధి చివరికి చేరింది. నేను ఇల్లు చేరేసరికి ఆమె మా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏందే, అరిసెలకు పిండి పట్టించినావంట?"

"అవును వదినా."

"నా తమ్ముని గుంత మీద మన్ను ఇంకా ఆరలే. నీకు తీపి కావాల్సొచ్చిందా?"

ఆ మాట గుండెల్లో దిగింది. అయినా నోరు ఊరుకోలేదు.

"కావాల్సొచ్చింది. ఏడ్చేది ఏడుస్తానే ఉన్నా. దానికి పండగ అడ్డమేంది?"

"నీ మూకుట్లోది ఈ వీధిలో ఎవురు తింటారో చూస్తా," అని విసురుగా వెళ్ళిపోయింది.

మూకుడు పెట్టాను. ఏటా పాకం చూడటం వదిన పని. ఈసారి నేనే చూసుకున్నాను. మొదటి అరిసె నూనెలో పొంగగానే ఏడుపొచ్చింది. వేడివేడిది ఊదుకుంటూ తినే మనిషి లేడు. ఏడ్చాను. అరిసె మాత్రం మాడనివ్వలేదు. బెల్లం వాసన ఇల్లంతా నిండేసరికి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. ఎన్ని నెలలైందో అట్లాంటి సంతోషం తెలిసి.

మరి తినేదెవరు? చావు ఇంటికి బయటివాళ్ళు తేవాలన్నారు కదా. సరే, వేరే చావు ఇళ్ళకు నేనూ బయటిదాన్నే. పళ్ళెం తీసుకుని, బట్టలు ఇస్త్రీ చేసే పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. దసరా అయ్యాక ఆయన భార్య పోయింది. వాళ్ళు హిందువులు. దీపావళికి ఆ ఇంట్లో దీపమే లేదు.

"నా మూకుట్లోవి. పట్టింపు ఉంటే చెప్పు పెద్దాయనా."

"ఆమె పోయినంక తీపి నోట్లో పెట్టలే తల్లీ," అని రెండు తీసుకుని, నిలబడే తినేశాడు.

అక్కణ్ణుంచి నేరుగా వదిన ఇంటికి నడిచాను. గడపలో కూర్చునుంది. పళ్ళెం ముందు పెట్టాను.

"ఏంది ఇది?"

"నీ తమ్ముడు పోయినాడు వదినా. నువ్వూ మూకుడు పెట్టలే. పళ్ళేలన్నీ నా ఇంటికే వస్తాండయి. నీకెవురన్నా తెచ్చినారా?"

ఎవరూ తేలేదు. మొగుడు పోయినదాన్ని అందరూ చూశారు, తమ్ముడు పోయినదాన్ని ఎవరూ చూడలేదు. ఆమె ఒక అరిసె విరిచి నోట్లో పెట్టుకుంది. నములుతూ ఉంటే కళ్ళనీళ్ళు కారుతున్నాయి.

"పాకం ముదిరింది," అంది చివరికి.

"నువ్వు రాలేదు గదా మరి."

మర్నాడు తన మూకుడు చంకన పెట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. "జరుగు. వీధికంతా చాలాల," అంది. ఆ రోజు మా ఇంట్లో రెండు మూకుళ్ళు కాగాయి.

పొద్దు గూకాక క్యారల్స్ వాళ్ళు అవతలి వీధికి పోతూ మా గోడ దగ్గరకు వచ్చారు. మళ్ళీ డప్పు ఆగింది. వదిన నూనె కారుతున్న గరిటెతోనే బయటికి ఉరికింది.

"ఏంరా, మా తమ్ముని ఇంటికాడికి వచ్చేసరికి చేతులు పడిపోయినాయా? కొట్టండి!"