నా రక్తం చూసి రాసుకోండి

పోయిన నెల ఒక సోమవారం నా భార్య పోయింది. పొద్దున లేచి కాఫీ పెట్టింది. వాకిట్లో కూర్చుని గోంగూర తుంచుతూ, ఎదురింట్లో మగ్గం నేసేవాళ్ళ ఇల్లాలితో మాట్లాడింది. మధ్యాహ్నం ఆయాసంగా ఉందని గోడకు ఆనుకుంది. ఆదోనికి తీసుకుపోదామని నేను జీపు తెచ్చేసరికి ఆమె లేదు.

ఆమె గుండె సంగతి ఎమ్మిగనూరులో చాలామందికి తెలుసు. మొదట్లో ఛాతీ బరువును మేమంతా గ్యాస్ అనే అనుకున్నాం. చివరికి మద్రాసులో ఆపరేషను చేసి, కాలిలోని రక్తనాళం తీసి గుండెకు కుట్టారు. అప్పటినుంచి రక్తంలో కొవ్వు చూపించుకోవడానికి ఆదోని డాక్టరు దగ్గరికి పోతూ వచ్చాం.

ఏమీ తినకుండా రావాలని ఆయన మొదటిసారి చెబితే నవ్వింది.

"ఆడోళ్ళకు ఖాళీ కడుపు కొత్తనా సామీ? శనివారం ఒక్కపొద్దు, ఏకాదశికి ఉపాసం. ఇంగ మీదొకటి."

నెయ్యి, వనస్పతి మానేసింది. నాకు బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు వేసిపెట్టి, తాను ఉత్త ఉగ్గాని తినేది. "వాసనలో గూడా కొవ్వుంటాదేమో అడిగి రాపోండి" అనేది.

కొవ్వు తగ్గింది. ఇంక భయం లేనట్లేనా అని అడిగాను. డాక్టరు మాట ఇవ్వలేదు.

"మా పుస్తకాల్లో లెక్కలు ఎక్కువగా మగవాళ్ళను చూసి రాసినవే సార్. ఆపరేషనైన ఆడవాళ్ళకు ఎంతవరకు సరిపోతాయో నాకు తెలీదు."

"అట్లయితే నా రక్తం చూసి రాసుకోండి" అని ఆమె చేయి చాపింది.

ఆ తర్వాత వీధిలో ఆడవాళ్ళను అడగడం మొదలుపెట్టింది. నడిస్తే ఆయాసమా? దవడ లాగుతాందా? "డాక్టరమ్మ వచ్చె" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఎదురింటామె ఛాతీ నొప్పి దాస్తోందని కనిపెట్టింది నా భార్యే. తాను చనిపోయిన రోజు పొద్దున వాకిట్లో ఆమెకు చెప్పిందీ అదే, తనతో ఆదోనికి రమ్మని.

కర్మలన్నీ అయ్యాక, నిన్న ఎదురింటామె వచ్చి మా గడప దగ్గర కూర్చుంది. వెనకే ఆమె భర్త నిలబడ్డాడు.

"అక్క అన్నీ పాటించె. అయినా పాయ. ఇంగ నాకెందుకు సార్ పరీచ్చ?"

కొవ్వు తగ్గిన మనిషి గుండె ఎందుకు ఆగిందో నాకు తెలియదు. తెలిసింది చెప్పాను.

"ఆపరేషనుకు ముందు ఆమె నాలుగు మాటలు ఒక్క ఊపిరిన చెప్పలేకపోయేది. తర్వాత ఇన్నేండ్లు మీ అందరితో వాదులాడింది. నాకు చాలలేదు. కానీ ఆ ఏండ్లు వచ్చినాయి."

వెనకనుంచి ఆమె భర్త ముందుకు వచ్చాడు.

"ఆడోళ్ళకు గుండెజబ్బేందని నేనే అంటాంటి. బస్సు ఎన్నింటికి సార్?"

రేపు పొద్దున మొదటి బస్సుకు వాళ్ళిద్దరినీ ఆదోనికి తీసుకుపోతాను. నా భార్య పోయిన సంగతి డాక్టరుకు ఇంకా తెలియదు. ముందు ఈమెను చూడమంటాను. ఆ తర్వాత చెబుతాను.