మా బడి ఏ ఊళ్లో ఉంది?

మలాయ్ దేశంలో మా రబ్బరు తోట కూలీ లైన్లు, అంటే మా వరస ఇళ్లు, కూడా ఒక ఊరేనని ప్రభుత్వానికి ఉన్నట్టుండి తోచింది. అప్పటికి కమ్యూనిస్టుల తిరుగుబాటు అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మొదలై చాలా ఏళ్లయింది. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు మేం అన్నం పంపుతామన్న అనుమానంతో లైన్ల చుట్టూ ముళ్లకంచె వేసి, గేటు దగ్గర కాపలా పెట్టారు. పొద్దుగూకితే బయట కనపడకూడదన్నారు. అన్నాళ్లూ మమ్మల్ని దొంగల్లా చూసినవాళ్లే, మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోంది, మీకూ ఒక లోకల్ కౌన్సిల్, వీధి దీపాలు, కుళాయిలు ఉండాలి అంటే వద్దనడానికి మాకేమైనా పిచ్చా?

కౌన్సిల్ రావాలంటే ముందు ఊరుండాలి. ఊరుండాలంటే దానికి కాగితం మీద హద్దులుండాలి. లైన్లూ, పక్కనున్న అంగళ్ల వరుసా ఉన్న నేలను కంపెనీ వదులుకుంటోంది. హద్దు లోపల పడింది ఊరిది, బయట పడింది కంపెనీది. బయట పడ్డదాన్ని చదును చేసి కొత్త రబ్బరు మొక్కలు నాటతారని, తోట ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న ముందే చెప్పాడు.

అక్కడే నాకు భయం పట్టుకుంది. నేను టీచర్ని. మా తెలుగు బడి కంచెకు అవతల, కాలువ దాటాక, పాడుపడ్డ పొగగదిలో నడిచేది. ఒకప్పుడు రబ్బరు షీట్లు ఆరబెట్టిన గది అది. ఇరవై చిల్లర పిల్లలు, ఒక నల్లబల్ల, నేను. హద్దు కాలువ దగ్గరే ఆగితే బడి పోతుంది. పిల్లలు తమిళ బడికి పోతారు, నేను ఇంట్లో కూచుని పెళ్లి సంబంధాల కోసం ఎదురుచూస్తాను. నా ఆరాటమంతా తెలుగు కోసమేనని నలుగురికీ చెప్పుకున్నాను గాని, ఆ రెండో భయం కూడా తక్కువదేం కాదు.

జిల్లా ఆఫీసు నుంచి ఒక మలాయ్ యువకుడు వచ్చాడు. పొడుగు మేజోళ్లు, చేతిలో నోటు పుస్తకం, మహా మర్యాద. స్థానికుల అభిప్రాయం తీసుకోవాలని రూలట. స్థానికులందరి తరఫునా తాత వచ్చి నిలబడ్డాడు. నాకేమీ చుట్టం కాదు, లైన్లలో అందరికీ ఆయన తాతే. విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లలో మిగిలిన పెద్దవాడు, ఏటా అమ్మవారి ఘటం ఎత్తేవాడు. నేను దుబాసీని.

"మీ ఊరు ఎక్కడితో ఆఖరు?" అని ఆ యువకుడు మలాయ్‌లో అడిగాడు. బడి వెనకాల అని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే తాత తనకొచ్చిన బజారు మలాయ్‌లో, "సంపై పరిత్ సాజ లా" అనేశాడు. కాలువ వరకే అని. ఆ యువకుడు శ్రద్ధగా రాసుకుని, రెండు వారాల్లో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

"ఏటి తాతా ఇలా సేసినావు?" అని మీద పడ్డాను.

"నానేటి సేసినానమ్మా? అమ్మోరు ఊరు సుట్టి వచ్చి ఘటం ఒగ్గేసేది ఎక్కడ? కాలవ అవతల. అంటే ఊరు ఇవతలే కదేటి? పొలిమేర కాడ అబద్ధమాడితే కళ్లు పోతాయి టీచరమ్మా."

"మరి బడి?"

"బడి ఊరి బయటున్నాది. అక్కడ ఎట్టమని నాను సెప్పినానేటి?"

ఏటా ఊళ్లోని జబ్బూ దిష్టీ అన్నీ ఘటంతో పాటు మోసుకెళ్లి, వెనక్కి చూడకుండా వదిలేసి వచ్చే చోట నేను అ ఆలు దిద్దిస్తున్నానన్నమాట. మా పిల్లలకు ఎక్కాలు ఎందుకు వంటబట్టలేదో అప్పటికి అర్థమైంది.

మూడు రోజులు తాతతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు. "పొలిమేర జరపొచ్చునమ్మా. ఘటం ఎత్తి, బలి కూడు జల్లుకుంటా బడి సుట్టూ తిరిగితే అక్కడి దాకా ఊరే. అప్పుడు నాను అబద్ధమాడినట్టు కాదు."

బలి కూడు అంటే పసుపూ కుంకుమా కలిపిన అన్నం. అన్నం గేటు దాటకూడదు. పిల్లల సంచుల్లో ముద్ద దొరికినా కాపలా జవాను తీసేసుకునేవాడు, పెద్దవాళ్లయితే జైలే. మా నాన్న తన ఇంగ్లీషంతా పోసి అర్జీ రాశాడు. జిల్లా ఆఫీసున్న తెలుక్ ఆన్సన్ నుంచి జవాబొచ్చింది: అన్నం ఎవరి నిమిత్తమో వారి పేరు, గుర్తింపు కార్డు నంబరు తెలపవలెను. అమ్మవారు ఇంకా కార్డు తీసుకోలేదు.

చివరికి దారి చూపించింది బడి వెనక మిగిలిన కర్రపెండలం మొక్కలు. జపాను వాళ్ల కాలంలో ఎవరో నాటినవి, అడవిలోవాళ్లకు తిండి అవుతాయని సైనికులు పీకేయగా ఎలాగో బతికాయి. అక్కడే తవ్వి అక్కడే ఉడికిస్తే గేటు దాటేదేమీ ఉండదు. పసుపు నిషేధాల జాబితాలో లేదు.

తాత చాలాసేపు తటపటాయించాడు. "జపానోడి కాలంలో మనకి బియ్యం లేకపోతే అమ్మోరు కూడా ఇదే తిన్నాదిలే," అని తనకు తానే చెప్పుకుని ఒప్పుకున్నాడు. పట్టపగలు, జవాను చూస్తూండగా, ఘటం బడి చుట్టూ తిరిగింది. ఆడవాళ్లు పచ్చటి కర్రపెండలం ముద్దలు చల్లారు. పిల్లలకు ఆ రోజు సెలవిచ్చాను. నా ఆనందానికి హద్దు లేదు.

యువకుడు మాట ప్రకారం వచ్చాడు. బడి వెనకాల వరకూ మా ఊరేనన్నాడు తాత.

"పోయినసారి కాలువ అన్నారు కదా?"

"అప్పుడు అంతే ఉన్నాది. ఇప్పుడు ఊరు పెరిగినాది," అన్నాడు తాత. నేను ఒక్క అక్షరం మార్చకుండా మలాయ్‌లో చెప్పాను. అతను నవ్వకుండా అదీ రాసుకున్నాడు.

మెర్దెకా వచ్చింది. జెండా ఎగిరింది, పిల్లలకు మిఠాయి పంచాను. ఆ తర్వాత కొన్నాళ్లకు హద్దుల కాగితం వస్తే మా నాన్న లైన్ల మధ్య నిలబడి చదివి, తెలుగులో చెప్పాడు: ఊరి హద్దు ముళ్లకంచె వెలుపలి అంచు వెంబడి. బడి బయటే.

నేను ఊరుకోలేదు, బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా జాలిపడి ఫైలు తీసి చూపించాడు. తాత చెప్పిన రెండు మాటలూ రెండు కాగితాల మీద అందంగా టైపు చేసి, పిన్ను గుచ్చి ఉన్నాయి. కింద పటం ఉంది. దాని మీది తేదీ ఆ యువకుడు మొదటిసారి మా దగ్గరికి రావడానికి నెల ముందుది. కంచె ఎలాగూ ఉంది కదా, మళ్లీ కొలవడం దేనికని దాని మీదే గీత గీసేశారట. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి అదే కంచెను పీకి చుట్టలు చుడుతున్నారు. పొగగదిని పదిహేను రోజుల్లో పడగొట్టారు.

తాత అన్నం మానేశాడని తెలిసి వెళ్లాను. గడప మీద కూచుని ఉన్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఆ తల్లి కర్రపెండలం ఒప్పుకోనేదు. తొందరపడి సేసినాను. నీ బడి నా నోటితోనే పోయినాది."

నీ తప్పేమీ లేదు తాతా అనాలంటే, నీ మాట అసలు ఎవరూ వినలేదు తాతా అని కూడా చెప్పాలి. తను నోరు విప్పితే ఊరి పొలిమేర నిలుస్తుందని నమ్మి బతికిన మనిషి ఆయన. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పక్కన కూచుని, "అవును తాతా, అన్నమే పెట్టాల్సింది," అన్నాను.