నెయ్యికి జ్వరం చూసిన పంతులు

ఆ రోజుల్లో మనిషికి సగం చదువు వస్తే చాలు, మిగతా సగాన్ని గొంతుతో నింపేయవచ్చు. నేను అలా నింపినవాణ్ణే. బయట ఎక్కడో యుద్ధం సాగుతున్న కాలం, మాకు నిజాం రాజ్యం. హైదరాబాదులో ఉర్దూలో సైన్సు చదివి, సిద్దిపేట బడిలో పంతులుగా చేరి నాలుగు నెలలైంది. మకాం అక్కాబావల ఇంట్లో. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గానీ అభిప్రాయాలు మాత్రం దట్టంగా మొలిచాయి. (అప్పటి ఫోటో ఒకటి ఇంట్లో ఉంది. చూసినవాళ్లు ముచ్చటపడతారు, నేను అటు చూడను.)

అక్కకు నెయ్యి పోసే ఆవిడను వాడకట్టంతా నెయ్యవ్వ అని పిలిచేది. వారానికోసారి చంద్లాపూర్ నుంచి నెత్తిన కుండతో నడిచి వచ్చేది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఉన్నవల్లా రెండు బర్రెలు. నన్ను చూసినప్పుడల్లా “చదివి చదివి చిక్కిపోయినవ్ కొడుకా” అంటూ ఇంత పూస నెయ్యి తీసి అరచేతిలో పెట్టేది. నేను సిగ్గులేకుండా నాకేసేవాణ్ణి.

ఆ చలికాలం ఆమె పోసిన నెయ్యి రాయిలా గట్టిపడింది. అక్క గరిటె వంగిపోయింది. ఆ మధ్యనే ఊళ్లోకి డబ్బాల్లో వనస్పతి వచ్చింది. నూనెనే గట్టిపరిచి తయారుచేసే సరుకు, చూడటానికి నెయ్యిలాగే ఉండేది. సరిగ్గా అదే వారం నేను బడిలో కొవ్వుల పాఠం మొదలుపెట్టి ఉన్నాను. ఇంకేం కావాలి? బడి నుంచి థర్మామీటరు తెచ్చాను, పుస్తకం తెచ్చాను, వాకిట్లో వేడినీళ్ల గిన్నె పెట్టించాను. పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురు పోగయ్యారు. “కొవ్వంటే కట్టెల మోపు లాంటిది. కట్టెలు సాపుగా ఉంటే మోపు బిగుస్తది, అదే గట్టి కొవ్వు. వంకర కట్టెలైతే మోపు వదులుగా ఉంటది, అది నూనె. అసలైన నెయ్యి ఒంటి వేడికి కరగాలె” అని ఉపన్యాసం దంచాను. గాజు గొట్టంలో నెయ్యి వేసి నీళ్లలో ముంచాను. ఒంటి వేడి దాటినా అది కరగలేదు. బావ అరుగు మీద నుంచి “మా బామ్మర్ది నెయ్యికి జ్వరం చూస్తుండు, మందు గూడ రాస్తడు గావచ్చు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది.

అంతలో నెయ్యవ్వ రానే వచ్చింది. కుండ దించగానే అడిగాను: “ఇండ్ల వనస్పతి ఎంత కలిపినవ్?”

“అదేంది కొడుకా?” అంది ఆమె.

“డబ్బా నెయ్యి. ఎరగనట్టు మాట్లాడకు. సైన్సు అబద్ధం చెప్పదు.”

ఆమె నన్ను చూసింది, గిన్నెలోని గొట్టాన్ని చూసింది, అక్క వైపు తిరిగింది. అక్క తల వంచుకుంది. “నా బర్రెల మీద ఒట్టు, గా డబ్బా మొకం గూడ నేను చూడలే” అని కుండ మళ్లీ నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మరుసటి వారం ఆమె రాలేదు, ఆపై వారమూ రాలేదు. వాడకట్టులో ఎవరూ ఆమె నెయ్యి ముట్టడం లేదని తెలిసింది. ఒక రోజు పాఠం చెప్పబోతే పుస్తకంలో రెండు పుటలు అంటుకుని ఉన్నాయి. వాకిట్లో వెలగబెట్టిన నాడు పడిన నెయ్యే. మెల్లగా విడదీసి చదివాను. పశువు తినే మేతను బట్టి దాని కొవ్వు మారుతుందనీ, పత్తిగింజలు తినే పశువుల నెయ్యి ఎక్కువ గట్టిగా ఉంటుందనీ, తొందరపడి దాన్ని కల్తీ అనుకోవద్దనీ అక్కడ స్పష్టంగా అచ్చయి ఉంది. నేను ముందు పుటతోనే పండితుణ్ణైపోయాను. తరగతిలో పిల్లలు చూస్తుండగా నా చెవులు కాలిపోయాయి.

ఆదివారం సైకిలేసుకుని చంద్లాపూర్ పోయాను. నెయ్యవ్వ కొట్టంలో ఉంది. తొట్టిలో నానబెట్టిన పత్తిగింజలు. కొట్టంలో ఒకటే బర్రె.

“రెండోది?” అన్నాను.

“అంగట్ల అమ్మిన. నెయ్యి ఎవ్వలు కొంటలేరు, రెండిటికి మేత యాడికెల్లి తేవాలె?”

కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. (ఎప్పుడూ నాకు అక్కరకొచ్చే గొంతు ఆ ఒక్క పూటే ఎగవేసింది.) ఆమె గింజలు కలుపుతూనే విని, “నాకు చెప్తే ఏమొస్తది పంతులూ? నలుగుట్ల అన్నవు, నలుగుట్లనే చెప్పు” అంది.

ఆ వారం సైకిలు మీద కుండ కట్టి, పక్కన ఆమె నడుస్తుండగా, వాడకట్టులో గడప గడపకూ తిరిగాను. “తప్పు నాదే, నెయ్యి మంచిదే” అని ప్రతి వాకిట్లో చెప్పాను. నా శిష్యులు కొందరు వెంటపడి “సార్ నెయ్యి అమ్ముతుండు” అని కేకలేశారు. ఒకామె అయితే “ముసల్ది నీ నోట్ల ఎంత నెయ్యి పోసింది?” అని మొహం మీదే తలుపు వేసింది. అబద్ధాన్ని ఒక్క పూటలో నమ్మినవాళ్లు నిజాన్ని నమ్మడానికి ఎండాకాలం దాకా పట్టింది. కొన్ని ఇళ్లయితే ఎన్నటికీ నమ్మలేదు. నెయ్యవ్వ మళ్లీ రావడం మొదలుపెట్టింది, అక్కకు పోసింది, బావతో నవ్వుతూ మాట్లాడింది. నన్ను మాత్రం ఆ తర్వాత ఎన్నడూ కొడుకా అనలేదు. పంతులూ అనేది, ఎంతో మర్యాదగా.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. కొవ్వుల పాఠం వచ్చిన ప్రతి ఏడూ, “ఒక ఊళ్లో ఒక పంతులుండెటోడు” అంటూ ఈ కథ చెప్పేవాణ్ణి. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. ఒక ఏడు ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వకుండా, “ఆ పంతులు తర్వాత ఏమైండు సార్?” అని అడిగింది.

“బదిలీ మీద పోయిండమ్మా” అన్నాను, బోర్డు వైపు తిరిగి.