క్యాసెట్ అట్ట మీద నేను రాయించిన మాట

మొన్న బాన్సువాడ బస్టాండు ముందు పెళ్లి బరాతు అడ్డం వచ్చి నేనెక్కిన ఆటో ఆగిపోయింది. డీజే బండి మీద మోగుతున్నది మా అక్క పాట. దరువు వేగం పెంచి, చచ్చిపోయిన బిడ్డను పిలిచే చోట ఎవరో ప్రియురాలిని పెట్టారు, కుర్రాళ్లు చెమటలు కక్కుతూ ఎగురుతున్నారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు, నా మీదే వచ్చింది.

క్యాసెట్ల కాలం ఎరిగిన నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది. అక్క బీడీలు చుడుతూ పాటలు కట్టేది, ఆమెకు చదువు లేదు. పదో తరగతి దాకా వెలగబెట్టిన నేను ఏ ఊళ్లో పాడాలో ఒప్పుకోవడం, మైకు సెట్టు కిరాయికి మాట్లాడడం, పిట్లం పోయినా డోంగ్లి పోయినా పొద్దుగూకేలోపు ఆమెను ఇల్లు చేర్చడం, అన్నీ చూసుకునేవాణ్ణి. జనం మేనేజరు సాబ్ అని ఆటపట్టిస్తే పైకి విసుక్కుని లోపల పొంగిపోయేవాణ్ణి.

అక్క కూతురు గంగమణి మూడేళ్లకే జ్వరంతో పోయింది. చెరుకు నరికే రోజులు కావడంతో బండ్లన్నీ చెరుకు మోతకే పోయాయి, ఒకటి దొరికి దవాఖానకు చేరేసరికే ఆలస్యమైంది. నెల రోజులు నోరు విప్పని అక్క, ఒకనాడు తంబాకు చాట ఒళ్లో పెట్టుకునే ఆ పాట కట్టింది. ప్రతి చరణం చివరా బిడ్డను పేరు పెట్టి పిలుస్తుంది. విన్న ఆడవాళ్లంతా బీడీలు పక్కన పెట్టి ఏడ్చారు.

నిజామాబాదులో క్యాసెట్లు వేసే ఒక సేటు ఆ పాట అడిగాడు. కట్టినవాళ్ల పేరు అట్ట మీద ఏమని వేయాలంటే అక్క నా వైపు చూసింది. ఆడమనిషి పేరు అచ్చేసి పాన్ డబ్బాల్లో వేలాడదీస్తే బావ తరఫు వాళ్లు ఏమంటారోనని నాకు భయం. జానపదం అని వేయమన్నాను, సేటు ఇచ్చిన ఒప్పుకోలు కాగితం మీద సంతకమూ నేనే పెట్టాను. జానపదం అంటే ఎవరు కట్టారో తెలియని పాట, ఊరందరిదీ. అక్కకు ఆ మాట అర్థం కూడా చెప్పలేదు. పైగా ఇంటి పరువు కాపాడానని బస్సులో మురిసిపోయాను, ఎంత మూర్ఖుణ్ణి!

నిరుడు ఆ పాటే ఈ డీజే దరువుతో కొత్తగా వచ్చింది. ఎవరో ఫోన్లో వినిపిస్తే అక్క నన్ను పిలిపించింది.

"నా పేరు లేకపాయె, గదేం ఫికర్ లేదు తమ్మీ. నా బిడ్డ పేరెందుకు తీసేసిండ్రు? పోయి అడుగు."

హైదరాబాదు పోయి ఆ పాట చేసిన పిల్లలను అడిగాను. మర్యాదస్తులే, కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. "గది జానపదమే గదా పెద్దనాన్నా, ఎవల్నడగాలె?" అంటూ పాత అట్ట ఫోటో చూపించారు. అది మా అక్కదంటే రుజువు అడిగారు. నా దగ్గరున్న ఒకే ఒక్క కాగితం మీద నా సంతకమే ఉంది.

తిరిగొచ్చి అంతా చెప్పాను. అక్క తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

"గట్ల రాస్తే నా బిడ్డను ఎవలన్న తీసేయొచ్చని నాకు చెప్పకపోతివి గదరా" అంది, అంతే.

ఇప్పుడు మా వాడకట్టు ఆడపిల్లలు పాట పాడితే ముందు వాళ్ల పేరు, ఆ తర్వాతే పాట. చూస్తే ముచ్చటేస్తుంది, ఆ వెంటనే ఆ క్యాసెట్ అట్ట గుర్తొస్తుంది. పేరు దాచడమే మర్యాద అనుకున్న మా రోజులు పోవడమే మంచిదైంది. అక్క మాత్రం పాడడం మానేసింది. గంగమణిది ఒక్క ఫోటో కూడా మేము తీయించలేదు, ఆ పిల్ల ఈ లోకంలో మిగిలింది ఆ పాటలోనే.